చిప్‌సెట్‌కు గాలా, నీళ్లా?

ఆ వేసవిలో నేత్రావతికి కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. పావగడ సోలార్ పార్కు పక్కనున్న తిరుమణిలో, ఇంటి ముందుగదిలోనే ఆమె పెండ్లి వీడియోలు కూర్చే కొట్టు పెట్టుకుంది. ఉన్నది ఒక్కటే కంప్యూటర్. అదీ పని సగంలో ఉండగా ఠక్కున ఆరిపోతోంది. మూత తీసి మదర్‌బోర్డు మీది చిప్‌సెట్‌ను తాకింది. అబ్బా! వేలు చురుక్కుమంది. కొట్టు మూతబడితే మళ్లీ సోలార్ ప్యానెళ్ల మధ్య గడ్డి కోయడానికి పోవాల్సిందే. ఆ ఎండ ఆమె ఎరిగినదే. చచ్చినా పోనని మొండికేసింది.

మొగుడు తిప్పేశ్‌ది ఆ ప్యానెళ్లు కడిగే పని. నీళ్లు తగిలితే ఏదైనా బాగుపడుతుందని అతని నమ్మకం. "నీళ్లతో సల్లబరిచేదే పెట్టియ్యి మే. గాలికి వదిలేస్తే ఏదన్నా బాగుపడతాదా?" అన్నాడు.

పావగడలో కంప్యూటర్లు బాగుచేసే ఓబులేశ్ మాట వేరు. "ఇంత చిప్పుకు నీళ్లెందుకక్కా? అల్యూమినియం దిమ్మ పెట్టి పైన ఫ్యాను బిగిస్తా. వారానికోసారి దుమ్ము ఊదుకో, సాలు."

దుమ్ము! తిరుమణి గాలంటేనే సగం దుమ్ము. గాలా, నీళ్లా అని ఆలోచిస్తూ నేత్రావతి చారులో ఉప్పు రెండుసార్లు వేసింది. చివరికి నీళ్లకే మొగ్గింది. ఓబులేశ్ గొణుక్కుంటూనే చిప్ మీద రాగి డబ్బీ, సన్న గొట్టాలు, పంపు, పక్కన గ్లాసంత తొట్టి బిగించాడు. బ్యాటరీలో పోసే నీళ్లు తప్ప ఇంకేవీ పోయొద్దన్నాడు. ఆ మాట ఆమె విన్నది గానీ ఇంట్లో ఎవరి చెవినా వేయలేదు.

అత్త మారెమ్మకు ఒక పట్టింపు. గొర్రెలు మేపుకున్న నాటినుంచీ అంతే. దీపం పెట్టే వేళకు ఇంట్లో ఏ పాత్రా వెలితిగా ఉండకూడదు. కుండ, బిందె, కోళ్ల మూకుడు అన్నీ నిండాలి. కొట్లో తొట్టి తగ్గడం ఆమె కంటబడింది. తగ్గినప్పుడల్లా, పాపం, చెంబుతో బోరునీళ్లు తెచ్చి నింపింది.

ఆ బోరునీళ్లు కాచిన గిన్నెకే తెల్లగా సున్నం పట్టిస్తాయి. రాగి డబ్బీలోని సందులెంత, వాటి బతుకెంత! అరసికెరె అంజినప్ప కూతురి పెండ్లి వీడియో సగంలో ఉండగా పంపు గుర్రుమని ఆగి, కంప్యూటర్ ఆరిపోయింది. మర్నాడే బీగరూట, అంటే వియ్యాలవారికిచ్చే విందు. అక్కడ తెర కట్టి ఆ వీడియో వేయాలి.

"ఏంది పోసినావత్తా దీంట్లో?"

"నీళ్లే. వెలితిగా ఉండాదని పోసినా."

"నా కొట్టుకు కొరివి పెట్టినావు గదా!"

మారెమ్మ కొంగు దులుపుకొని లోపలికి పోయింది.

నేత్రావతి కంప్యూటర్‌ను ఒళ్లో పెట్టుకొని పావగడ బస్సెక్కింది. "చెప్తినా లేదా?" అంటూనే ఓబులేశ్ గొట్టాలు పీకి దిమ్మ, ఫ్యాను బిగించాడు. ఇంటికొచ్చి పని మొదలుపెట్టి కూచుంది, లేచింది, మళ్లీ కూచుంది. దిమ్మ మీద వేలు పెట్టి చూసింది. గోరువెచ్చగా ఉంది. ఈసారి ఆరిపోలేదు.

బీగరూటలో కూతురి అప్పగింతలు తెర మీద చూసి అంజినప్ప మళ్లీ ఏడ్చాడు. విందుకొచ్చిన వాళ్లలో ఇద్దరు తమ ఇంటి పెండ్లి వీడియో కూడా నువ్వే చెయ్యాలన్నారు. కొట్టు నిలిచింది.

ఆ సంతోషంతో, గొంతెండిపోయి ఇంటికొచ్చి కుండలో లోటా ముంచితే అడుగు తగిలింది. దీపం వెలుగుతోంది. కుండ ఖాళీ, బిందె ఖాళీ. ఆ ఇంట్లో ఆమె ఎన్నడూ చూడని సంగతి. మారెమ్మ గడప మీద కూచుని ఉంది.

"ఏందత్తా, నీళ్లు పెట్టలేదా?"

"ఏది నింపితే ఎవరి కొంప మునుగుతాదో, నాకేం తెలుసు? ఏ నీళ్లో ఒక్క మాట చెప్పింటే పోసుందునా?"

నేత్రావతికి సిగ్గేసింది. పోయి పక్కన కూచుంది.

"చెప్పకుండా అరిసినా. ఆ మిషన్‌కు ఇంక నీళ్లొద్దత్తా. నాకు కావల్ల. దప్పిగ్గా ఉండాది."

మారెమ్మ మోకాళ్ల మీద చేతులూని లేచి బిందె అందుకుంది.

"కోళ్లకు గూడా పొయ్యలేదు, నా మొగం మండ" అంటూ బయటికి నడిచింది.