తోక తప్పిన మాట

“బొమ్మలాయన్ని అనకు తమ్ముడూ. తోక నాదే,” అంది బుడగలక్క, కలం పాళీని గుడ్డముక్కతో తుడుస్తూ.

ఎదురుగా స్టూలు మీద కూర్చున్న పాత పాఠకుడికి నవ్వు ఆగలేదు. చిన్నప్పటి నుంచీ ఆ బొమ్మల పత్రిక చదివినవాడు. వేరే పని మీద పోతూ, ఆమెని చూడాలని ఒక పూట ఆగాడు.

బొమ్మల కథల్లో పాత్రల నోటి పక్కన తెల్లటి బుడగలుంటాయి కదా, వాటిలో మాటలు చేత్తో రాయడం ఆమె పని. ఇరవైరెండేళ్లుగా అదే బల్ల, అదే కిటికీ వెలుతురు. ముందు మాట రాస్తుంది. తర్వాత చుట్టూ బుడగ గీస్తుంది. చివర బుడగకి తోక లాగుతుంది. తోక కొస ఎవరి నోటి దగ్గర ఆగితే మాట వాళ్లది.

“అన్నీ ఒకటే అక్షరాలనుకుంటారు గానీ, కాదు,” అంటూ పాత పేజీ ఒకటి ముందుకు జరిపింది. “ఇది బామ్మ. ఆవిడకి పైన రెండు పళ్లు లేవు. అందుకే ‘స’ పక్కకి వాలిపోతుంది. వీడు దొంగ. వీడి తలకట్టు కొడవలి కొసలా ఉండదూ? ఈ పిల్లకి దీర్ఘాలు పొడుగు, ఏం కావాలన్నా సాగదీసి అడుగుతుంది మరి.”

“ఇదంతా ఎవరు నేర్పారక్కా?”

“ఎవరు నేర్పుతారు? బస్సులో చెవులు రిక్కించుకుని కూర్చునేదాన్ని. నీ పక్కన సీటు దొరికినవాడి గుట్టు రట్టే అనేవాడు మా ఆయన.”

అసలు సంగతి పోయిన నెల సంచికతో మొదలైంది. పేజీలు ఇంకా బల్ల మీద ఉండగానే ఎడిటర్ వచ్చి నిలబడ్డాడు. ఆమె కంటే పదేళ్లు చిన్న. కంప్యూటర్ పెడితే అక్షరాలు వాటంతటవే బుడగల్లో పడతాయని యజమాని అంటున్నాడట. ఆ మాట చెప్పడానికి చాలాసేపు నసిగాడు.

“ఇక రావద్దని నా నోటితో నేను చెప్పలేనక్కా. పాఠకుల్నే అడుగుదాం. చేతి అక్షరాలా, కంప్యూటర్ అక్షరాలా అని చివరి పేజీలో వేస్తున్నాను.”

“నేను వద్దంటే?”

“అప్పుడు చూద్దాం.”

ఆ “చూద్దాం” పూటంతా ఆమె చెవిలో జోరీగలా తిరిగింది. అప్పుడు రాస్తున్న గడిలో ముందు బామ్మ, బీరువా వెనక నక్కి దొంగ. “సరే, ఆ పెట్టె తీసింది నేనే” అన్నది దొంగ మాట. తోక బామ్మ భుజం మీదుగా వెనక్కి పోవాలి. పోలేదు. బామ్మ నోటి దగ్గరే ఆగిపోయింది.

అచ్చయ్యాక ముందు పట్టుకున్నది ఆమె కోడలు.

“అత్తయ్యా, పాపం ఆ ముసలావిడని దొంగని చేశారేమిటండీ?”

చేతిరాత ఉండాలా వద్దా అని అడిగిన సంచికలోనే చేయి తప్పింది.

వారం తిరిగేసరికి అభిప్రాయాలు వచ్చి పడ్డాయి. ఎడిటర్ కట్ట విప్పి బల్ల మీద పోశాడు. ఇద్దరూ కూర్చుని చదివారు. బామ్మ ఇంత గుండెలు తీసిన బంటని అనుకోలేదని ఒకరు. పెట్టెతో ఆవిడకేం పనో చెప్పకపోతే పత్రిక మానేస్తామని ఇంకొకరు. “మా అమ్మమ్మ మీ బామ్మ పక్షం. తీస్తే తీసింది, ఆవిడ ఇంట్లో పెట్టేగా అంటోంది” అని ఒక పిల్ల. అక్షరాల ఊసు ఒక్కరూ ఎత్తలేదు.

“ఎవరికీ పట్టలేదు చూశావా,” అంది ఆమె. తిట్టినా బాగుండేదనిపించింది.

ఎడిటర్ అడుగునున్న చీటీ తీశాడు. ఒక దర్జీ, కొలతలు రాసుకునే కాగితం వెనక రాశాడు.

“అయ్యా, ఆ మాట బామ్మది కాదు. బామ్మ ‘స’ వాలుతుంది. ఇక్కడ నిటారుగా ఉంది, తలకట్టు చేయి కోసుకునేలా ఉంది. ఇది దొంగ గొంతు. తోక ఎక్కడో తప్పింది. నేను సాయంత్రం మిషన్ ఆపి మా ఆవిడకి మీ పుస్తకం చదివి వినిపిస్తాను. అక్షరాలు చూసే గొంతు మారుస్తాను. అన్నీ ఒకేలా అయిపోతే ఎవరి గొంతుతో చదవమంటారు?”

ఎడిటర్ దాన్ని రెండుసార్లు చదివి, లేచి యజమాని గదిలోకి పోయాడు. ఆమె ఆరిపోయిన పాళీని మూడుసార్లు సిరాలో ముంచింది, ఒక్క గీతా గీయలేదు. అతను బయటికి వచ్చేసరికి చెవులు ఎర్రబడి ఉన్నాయి.

“ఆరు సంచికలు చేత్తోనే అక్కా. తర్వాత మళ్లీ పాఠకుల్ని అడుగుతారట.”

“అడగనీ. తప్పు నాదని మాత్రం ముందు అచ్చు వెయ్యి.”

“వేస్తాను. కథ రాసినావిడ ఒప్పుకోవాలిగా. బామ్మే దొంగగా ఉండాలని గొడవ పెడుతోంది.”

అక్కడికి చెప్పి బుడగలక్క కలం మూత పెట్టింది. పాత పాఠకుడు బస్సుకి టైమైందని సంచీ అందుకున్నాడు. ఏ దారిన పోతావని అడిగి, అతను చెప్పగానే ఆమె ఒక కాగితం మీద చిరునామా రాసి చేతిలో పెట్టింది.

“ఆ దర్జీ ఊరు నీ దారిలోనే. వచ్చే సంచిక కథలోకి ఒక దర్జీ వస్తాడు. బొమ్మలాయన మొహం వేసేశాడు, నాకింకా గొంతు దొరకలేదు. అక్కడ దిగి ఒక చొక్కాకి కొలతలు ఇవ్వు. ఊరికే చూసి పోకు, మాట్లాడించు. మాట గబగబా కుట్టేస్తాడో, ఆగి ఆగి టాకాలు వేస్తాడో విని, నాకో కార్డు రాయి.”