రెండో కన్ను ఎదురుగా ఉంటేనే

మేడ మీది ఆ గదిలో రెండు బల్లలున్నాయి. తలుపు దగ్గరి బల్ల ఆయనది, కిటికీ దగ్గరిది ఆవిడది. ఆయన కట్టుడు పళ్ళు చేస్తాడు, ఆవిడ పెట్టుడు కళ్ళు చేస్తుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన చేసే పళ్ళ చిగుళ్ళకు రంగు కలిపి పెడుతుండేది. ఆ రంగులు చూసిన కంటి డాక్టరు ఒకాయన, "చిగుళ్ళకు ఇంత పనితనం దండగమ్మా, కళ్ళు చెయ్యి" అన్నాడు. ఆ మాటకు పళ్ళాయన ఇప్పటికీ సణుగుతూనే ఉంటాడు. ఇది జరిగి ముప్పయ్యారేళ్ళు. ఇప్పుడు వీధి మొత్తానికీ ఆవిడ కళ్ళత్తయ్య.

మొట్టమొదటి కన్ను ఆవిడ ఫోటో చూసి చేసింది. మచ్చ లేదు, మరక లేదు, ముద్దొచ్చేలా ఉంది. అది పెట్టుకున్న లారీ డ్రైవరు అద్దంలో చూసుకుని, "అక్కా, ఇది పెళ్ళికొడుకు కన్ను. నాది నిద్రలేని కన్ను" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయింది. ఆ రోజు నుంచి ఒకటే పట్టు. మనిషి వచ్చి కిటికీ ఎదుట కూర్చోవాలి, ఉన్న కన్నుతో ఆవిడ వైపు చూడాలి, అప్పుడే కుంచె తడుస్తుంది. ఎర్ర పట్టుదారాన్ని వెంట్రుకకన్నా సన్నగా చీల్చి, నరాలుగా పరిచి, రంగు మీద రంగు వేసుకుంటూ పోతుంది. ఒక లెక్కల మాస్టారికి ఏది పెట్టుడు కన్నో పదేళ్ళయినా పిల్లలు కనిపెట్టలేకపోయారు. పాపం, రెండు వైపుల కూర్చున్నవాళ్ళూ బుద్ధిగానే ఉండాల్సి వచ్చింది.

ఇన్నేళ్ళొచ్చినా ఆవిడకు పాతబడనిది ఒక్కటే. ఎవరి కంట్లోకి దగ్గరగా చూసినా ఒళ్ళు జలదరిస్తుంది. దూరానికి ఉత్త గోధుమరంగు అనిపించేదాంట్లో తేనె ఉంటుంది, ఇటుకపొడి ఉంటుంది, ఎక్కడో ఓ మూల ఆకుపచ్చ చుక్క ఉంటుంది. ఒకే మనిషి రెండు కళ్ళూ అచ్చంగా ఒకలా ఉండవు. "ఎవరు చేశారో గానీ ఎంత పని, ఎంత పని!" అని పైకే అనేస్తుంది. "నువ్వు మాత్రం కాదులే" అంటాడు పళ్ళాయన.

అలాంటి చోటికి ఒక మధ్యాహ్నం బస్సు కండక్టరమ్మ ఒకావిడ వచ్చింది. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, ఒంటి మీద యూనిఫాం అలాగే ఉంది. ఒడిలో ఒక పెట్టె. రెండు కళ్ళూ నిక్షేపంలా ఉన్న మనిషి తన దగ్గరకెందుకొచ్చిందో కళ్ళత్తయ్యకు అర్థం కాలేదు. కండక్టరమ్మ పెట్టె తెరిచి, లోపలున్నదాన్ని రెండు చేతులతో ఎత్తి బల్ల మీద పెట్టింది. పద్దెనిమిది పంతొమ్మిదేళ్ళ పిల్ల తల, మెడ, భుజాలు. చర్మం మీద నూగు కూడా ఉంది. చెవి వెనక ఏదో నొక్కింది.

"అమ్మా, తిన్నావా?" అంది ఆ పిల్ల.

"తిన్నాను తల్లీ" అనేసింది కళ్ళత్తయ్య. అన్నాక గానీ తను ఎవరికి జవాబు చెప్పిందో తెలియలేదు. పళ్ళాయన చేతిలోని పళ్ళవరస నేల మీద పడింది. మనిషి తెలివికి దండం పెట్టాలో, దడుచుకుని పారిపోవాలో ఆ ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

"మా అమ్మాయి. మూడు రోజుల జ్వరం పట్టుకుపోయింది. పద్నాలుగు నెలలైంది" అంది కండక్టరమ్మ. పోయినవాళ్ళను మాట్లాడించే కంపెనీ ఒకటుందట. పిల్ల ఫోన్లో పంపిన మాటలన్నీ ఇస్తే ఇలా చేసిచ్చారట. "ముఖం అదే. గొంతూ అదే. చూపే అది కాదక్కా. కళ్ళు మీరు చెయ్యాలి."

కళ్ళత్తయ్య ఆ బొమ్మ కళ్ళు చూసింది. అచ్చులో పోసిన కవలలు. ఒక నరం లేదు, ఒక అలసట లేదు. చేతికి పని తగిలింది, మనసు మాత్రం ఎదురు తిరిగింది. "నేను ఫోటో చూసి చెయ్యనమ్మా. ఉన్న కన్ను ఎదురుగా ఉండాలి."

పళ్ళాయనకు జాలేసింది. "చేసివ్వవే, కడుపుకోత! నేను కట్టే పళ్ళు మాత్రం నిజమైనవా?"

"మీ పళ్ళ వెనక నమిలే మనిషి ఉన్నాడండీ. నేను చేసే కన్నూ చూడదనుకోండి. కానీ దాని పక్కన చూసే కన్ను ఒకటుంటుంది."

"పక్కన నేనుంటానుగా అక్కా" అంది కండక్టరమ్మ.

కళ్ళత్తయ్య బొమ్మ మీంచి చూపు తిప్పి కండక్టరమ్మ కళ్ళలోకి చూసింది. కండక్టరమ్మ ఇంకా అంది: "అందరూ దానికి నా కళ్ళే వచ్చాయనేవాళ్ళు."

చివరికి ఆవిడనే కిటికీ ఎదుట కూర్చోబెట్టింది. ఎడమ కన్ను ముందు మొదలుపెట్టింది. పని సాగేటప్పుడు ఎదుటివాళ్ళను మాట్లాడిస్తూ ఉండడం ఆవిడ అలవాటు, లేకపోతే చూపు బిగుసుకుపోతుంది. "మీ అమ్మాయి ఎలా ఉండేది?" అని అడిగింది.

"ఒట్టి పోలీసు. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే దీపం కిందకి లాగి కళ్ళలోకి చూసేది. 'నిన్న పడుకోలేదు కదూ, నాతో అబద్ధమాడకు' అనేది. చూశాకే తిన్నావా అని అడిగేది." చెప్తూ చెప్తూ నవ్వింది. అప్పుడు కళ్ళత్తయ్య చేయి ఆగిపోయింది. కిటికీలో వెలుగు మారలేదు, మబ్బు పట్టలేదు. ఆ కంటిపాప మాత్రం మెల్లగా, నిండుగా విచ్చుకుంది. ఇదివరకు వందసార్లు చూసి ఉంటుంది. అయినా చేతులు జోడించబుద్ధయింది. లేని పిల్లకోసం ఉన్న కన్ను అలా తలుపులు తీసుకుంటుంటే ఏ రంగు కలపాలి? ఏ కుంచె పట్టాలి?

విచ్చుకున్నప్పుడే ఇంకొకటి కూడా కనిపించింది. నలుపు నడుమ బూడిద రంగు. ముందు కిటికీ నీడేమో అనుకుని తల వంచి చూసింది. నీడ కాదు. చెప్పాలా వద్దా అని క్షణం ఊగింది గానీ, చేతికి తెలిసిన పద్ధతి ఒక్కటే, ఎదురుగా ఏది ఉంటే అది వెయ్యడం. నలుపులో చిటికెడు బూడిద కలిపింది.

మూడు గంటలు పట్టింది. మెరుగు పెట్టకముందే, ఒకసారి చూడమని, ఆ కన్నును బొమ్మకు అమర్చింది. కండక్టరమ్మ వంగి చూసింది. చెయ్యి తనంతట తానే ఆ చెంప మీదికి వెళ్ళింది. "వచ్చిందక్కా. మా అమ్మాయి వచ్చింది" అంది. కాసేపటికి ముఖం ముడుచుకుంది.

"ఈ మసక ఏమిటి? దాని కంట్లో ఇది లేదే."

"నీ కంట్లో ఉందమ్మా" అంది కళ్ళత్తయ్య. "శుక్లం. కుదిరేదే, భయం లేదు. కానీ నెలల నాటిది. ఎడమవైపు మసగ్గా లేదూ?"

"ఏడిచి ఏడిచి అలా అయ్యిందనుకున్నాను." ఆవిడ ఎడమ కన్ను మూసి తెరిచింది. "దీనికి రోజూ చెప్తూనే ఉన్నానక్కా, కన్ను మసకేస్తోందే అని."

"ఏమంటుంది?"

"విశ్రాంతి తీసుకో అమ్మా అంటుంది. చాలా ప్రేమగానే అంటుంది."

అంతలో అది "అమ్మా, తిన్నావా?" అంది. కొత్త కన్ను ఎంతో అందంగా, ఎటూ కాకుండా చూస్తోంది. పళ్ళాయన తల తిప్పుకుని ముక్కు చీదాడు.

కండక్టరమ్మ దాని ముందుకు వచ్చి నిలబడింది. రోజుకు వెయ్యిమందికి టిక్కెట్లు కోసే మనిషి. అంతమందీ చేతి వంక చూసి చిల్లర తీసుకునేవాళ్ళే గానీ, కళ్ళలోకి చూసిన పాపాన ఎవరూ పోలేదు. చెయ్యి చాచి చెవి వెనక నొక్కింది. బొమ్మ గొంతు ఆగింది. కుడి కన్ను ఎప్పుడు చేస్తారని అడగలేదు.

"రేపు నా వెంట కంటి ఆసుపత్రికి రా చెల్లీ. డాక్టరు తెలిసినవాడే" అంది కళ్ళత్తయ్య.

ఆవిడ తలూపింది. కానీ బయల్దేరలేదు. తిరిగి వెళ్ళి కిటికీ ఎదుట కుర్చీలోనే కూర్చుంది. ముఖం వెలుగు వైపు ఎత్తి, చిన్నపిల్లలా మొహమాటపడుతూ అడిగింది.

"ఇంకాసేపు చూస్తారా అక్కా?"

కళ్ళత్తయ్య చేతిలో కుంచె లేదు. తన కుర్చీ దగ్గరికి జరుపుకుని చూసింది.