ట్రామ్‌లో దాచిన ఊరు

చదువు కోసం మెల్‌బోర్న్ వెళ్లిన కొత్తలో జరిగింది ఇది. మాది చోడవరం. నేను నోరు విప్పితే చాలు, గదిలో ఉండే తెలుగు కుర్రాళ్లు నా యాసను అనుకరిస్తూ నవ్వేవారు. సిగ్గుపడి ఇంగ్లీషులోకి మారాను. మెల్లగా మాట్లాడటమే తగ్గించేశాను.

ఒక సాయంత్రం ట్రామ్‌లో నా పక్క సీటాయన ఫోన్‌లో, "ఏటే, సెరుకు నరికేసేరా? మాడుగుల హల్వా అంపమంటే అంపవేటి?" అంటున్నాడు. అచ్చం మా ఊరి యాస! నాకు ప్రాణం లేచొచ్చింది. నేను అలా చూస్తుండటం గమనించి ఆయన ఫోన్ పెట్టేశాడు.

"తెలుగోడివేనా బాబూ? ఏ ఊరు మీది?"

ఎదురుగా, నాతో గదిలో ఉండే కుర్రాళ్లలో ఒకడు నిలబడి ఉన్నాడు. "హైదరాబాదండీ" అనేశాను.

అంతలో నా ఫోన్ మోగింది. కంగారుగా ఎత్తబోయి స్పీకర్ నొక్కేశాను.

"ఒరే బాబూ, తిన్నావేట్రా? మన చోడవరం బస్టాండు కాడ ఉన్నాను, గట్టిగా మాటాడు!"

అమ్మ గొంతు ట్రామంతా వినిపించింది. కుర్రాడు పగలబడి నవ్వాడు. ఆయన నవ్వలేదు. "అమ్మతో మాటాడు నాయనా" అని లేచి, తర్వాతి స్టాపులో దిగిపోయాడు. పిలుద్దామంటే ఆయన పేరైనా నాకు తెలియదు.

"పక్కన మనోలెవులైనా ఉన్నారేట్రా?" అని అడిగింది అమ్మ.

"ఇప్పటిదాకా ఉన్నారమ్మా" అన్నాను.

ఆ కుర్రాళ్ల నవ్వే నన్ను ఒంటరిని చేసిందని చాలాకాలం అందరికీ చెప్పుకున్నాను. కానీ ఆ రోజు నా పక్క సీటు ఖాళీ చేయించింది నేనే.