పొద్దున రైలుకి వచ్చే లాయరమ్మ

డండాక్‌లో ట్రైనీ పని అడగబోతే ఆ ఆఫీసు లాయరు, ఇక్కడి మాటలో సొలిసిటర్, నన్నడిగిన మొదటి ప్రశ్న చట్టం గురించి కాదు. "ఎక్కడుంటారు?" అన్నాడు. రెండు రైళ్ల దూరంలో ఉన్న ఆడమ్స్‌టౌన్ అన్నాను. "మా దగ్గరికొచ్చేవాళ్లంతా ఈ చుట్టుపక్కలవాళ్లే. ఇటు మారే ఆలోచన ఏమైనా ఉందా?" అన్నాడు. లేదన్నాను. ఆలోచించి చెబుతామన్నాడు.

గుంటూరు జిల్లాలో ఏడేళ్లు నల్లకోటు వేసుకుని వాదించినదాన్ని. ఇక్కడి పరీక్షలన్నీ మళ్లీ రాసి గట్టెక్కాను. ఇక ఎవరో ఒక సొలిసిటర్ ట్రైనీగా తీసుకుంటే తప్ప ఈ పరాయి దేశంలో లాయర్ని కాలేను. అప్పటికే చాలా ఆఫీసులు కాదన్నాయి. తిరుగు రైల్లో ఒళ్లు మండిపోయింది. ఆ ఊళ్లోనే కాపురముండాలని ఏ చట్టంలో రాసుందయ్యా?

ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి వంటింటి బల్ల నిండా కాగితాలు పరుచుకుని కూర్చుంది. అది లా రెండో ఏడు చదువుతోంది. కాలేజీలో ఉత్తుత్తి కోర్టు పెట్టి వాదన పోటీ జరుపుతున్నారట. ఒక రాజ్యం, తన హద్దుల్లో ఇల్లు లేనివాళ్లు లాయరు పని చేయకూడదని చట్టం చేసింది. అది రాజ్యాంగం ముందు నిలుస్తుందా అన్నది ప్రశ్న. నా అదృష్టం చూడండి! మా అమ్మాయికి ప్రభుత్వం పక్షాన వాదించే వంతు పడింది.

"ఒక్క పాయింటూ దొరకట్లేదమ్మా," అంది, ఎప్పటిలా ఇంగ్లీషులోనే.

పొద్దున జరిగింది చెప్పి, "సరే, రాసుకో," అన్నాను టీ పెడుతూ. "బయటి లాయరుకి ఇక్కడి మనుషులు తెలియరు. రైలు తప్పిందని వాయిదా అడుగుతాడు. బీదవాళ్ల కేసు ఉచితంగా చూడమంటే దొరకడు. కక్షిదారుకి కోపమొస్తే పోయి తలుపు కొడదామన్నా ఊళ్లో ఇల్లుండదు."

అది రాయడం ఆపి నా వంక చూసింది. "హోల్డ్ ఆన్. పొద్దున నిన్ను తీసుకోవడానికి ఆయన వెనకాడింది ఇందుకే కదా? ఇంత గడగడా ఎలా చెప్పేస్తున్నావ్?"

చెప్పక తప్పలేదు. నేను కొత్తగా ప్రాక్టీసు పెట్టినప్పుడు మా ఊరి కోర్టుకి పక్క జిల్లా నుంచి ఒక లాయరమ్మ రోజూ పొద్దున రైలుకి వచ్చేది. బాగా వాదించేది. కేసులు అటు వెళుతుంటే మా సీనియర్లకి కన్నుకుట్టింది. బయటివాళ్లని రానివ్వొద్దని జడ్జిగారికి అర్జీ పెట్టారు. నా దస్తూరి బాగుంటుందని నాచేత రాయించారు. ఇప్పుడు దానికి చెప్పినవన్నీ ఆ అర్జీలోవే; ఆ తలుపు కొట్టే మాట మాత్రం నా సొంతం. దేశంలో ఎక్కడైనా వాదించే హక్కు ఆవిడకుంది గనక అర్జీ నిలవలేదు. కానీ బార్ గదిలో ఆవిడకి కుర్చీ లేదన్నారు. వరండా మెట్ల మీద కూర్చుని క్యారియర్ విప్పుకునేది.

ఒకరోజు ఆ అర్జీ జెరాక్సు పట్టుకుని నా దగ్గరికే వచ్చింది. "దస్తూరి ముత్యాల్లా ఉందమ్మా. ఎవరిదో తెలుసా?"

"నువ్వేమన్నావ్?" అంది మా అమ్మాయి.

"తెలియదండీ అన్నాను."

టీ పొంగి పొయ్యి మీద పోయింది. ఛీ, ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. రాసింది నేనేనని ఆవిడ తెలిసే అడిగిందా? మర్నాడు మళ్లీ అదే రైలెక్కడానికి ఆవిడకి మనసెలా ఒప్పింది? ఇన్నేళ్లుగా తొలిచే ప్రశ్నలివి.

ఆ సాయంత్రమే డండాక్‌కి మెయిల్ పెట్టాను. ఇల్లు మారను, రెండు రైళ్లు మారైనా ఆఫీసు తెరిచేలోపు గుమ్మంలో ఉంటాను, ఒక నెల చూడండి అని. "గ్రాండ్, సోమవారం రండి," అని జవాబొచ్చింది. ఇక్కడ గ్రాండంటే సరేనని.

సోమవారం మధ్యాహ్నం లంచ్ డబ్బా పట్టుకుని ఎక్కడ తినాలో తెలియక నిలబడ్డాను. రిసెప్షన్‌లో పనిచేసే పెద్దావిడ పక్కకి జరిగి నాకు కుర్చీ లాగింది. కూర్చున్నాను గానీ, డబ్బా మూత తీస్తుంటే ఆ వరండా మెట్లే కళ్ల ముందు నిలిచాయి.