నేను ఎంచి తెచ్చిన స్ప్రింగులు

ఈ మాట నా భార్యకు కూడా చెప్పలేదు. ఏళ్లుగా గుండెల మీద బరువై కూర్చుంది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

వరంగల్‌లో నేనూ సదానందమూ ఒకే లారీ షెడ్డులో మెకానిక్‌లం. అతనికి పని నేర్పింది నేనే. కొన్నాళ్లకు షెడ్డుకు వచ్చేవాళ్లు నా ముందే నిలబడి "సదానందం లేడా?" అని అడగడం మొదలైంది. నవ్వి, లోపలున్నాడని చేయి చూపించేవాణ్ణి. ఆ నవ్వు ఎంత కష్టపడి తెచ్చుకునేవాణ్ణో!

బజారులో బియ్యం వ్యాపారం చేసే సేటు ఒకాయన, తన తండ్రి కొన్న మొదటి లారీని మళ్లీ నడిపించాలనుకున్నాడు. చాలా పాత బండి. ఇంజన్ మొత్తం విప్పి కట్టాలి. అలాంటి పని జీవితంలో ఒక్కసారి దొరికితే గొప్ప. నాకే వస్తుందనుకున్నాను. సేటు సదానందానికి ఇచ్చాడు.

దానికి కొత్త సామాను దొరకదు. పాత సామాను దుకాణాలన్నీ నాకు తెలుసు కాబట్టి, వాల్వ్ స్ప్రింగులు వెతికి తెమ్మని సదానందం నన్నే అడిగాడు. రెండు రకాలు కనిపించాయి. చూపుకు ఒకేలా ఉన్నాయి. నొక్కితే ఒకటి గట్టిది, రెండోది ఏదో చిన్న ఇంజనుది, మెత్తనిది. స్ప్రింగు మెత్తనిదైతే, ఇంజన్ వేగం అందుకున్నప్పుడు వాల్వ్ సమయానికి మూసుకోదు, పిస్టన్ వచ్చి దాన్ని గుద్దుతుంది. ఇదంతా తెలిసే మెత్తనివి తెచ్చాను.

అతను ఒకదాన్ని బొటనవేలితో నొక్కి చూశాడు.

"అన్నా, ఇవి జర మెత్తగున్నట్టు అనిపిస్తానయ్."

"గివే పడ్తయ్. నాకెరుకలేదా? బిగించు."

"నువ్వు చూసినవంటే ఇగ ఫికరేంది," అన్నాడు.

అప్పుడైనా ఆపొచ్చు. ఎందుకు ఆపలేదు? బండి కాస్త మొరాయిస్తే చాలు, నలుగురిలో అతని పేరు కొంచెం తగ్గితే చాలు అనుకున్నానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. నిజం కాదు. అతను మళ్లీ తలెత్తకూడదనే కోరుకున్నాను.

బండి తయారయ్యాక సేటు ఇంటిల్లిపాదినీ అందులో ఎక్కించుకుని పాలంపేట గుడికి బయలుదేరాడు. వెనకాలే బైక్ మీద మేమిద్దరం. ఒక వాలు దిగుతూ వేగం అందుకోగానే ఇంజన్ పెద్ద చప్పుడు చేసి ఆగిపోయింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఇంజన్ మాత్రం ఇక పనికి రాలేదు. "మా నాయిన బండిని ఖరాబ్ చేసినవ్ గదరా," అని సేటు రోడ్డు మీదే ఏడ్చాడు.

సదానందం ఒక్కసారి నా వైపు చూశాడు. స్ప్రింగులు అన్న తెచ్చాడని అనలేదు. తల వంచుకున్నాడు. అతనికి తెలిసిపోయిందా? ఈనాటికీ తెలియదు. మీకు నమ్మబుద్ధి కాకపోవచ్చు, ఆ మౌనాన్ని చూసి కూడా నాకు అసూయే కలిగింది. అంత మనసు నాకెందుకు లేదని.

తర్వాత అతనికి ఇంజన్ పని ఎవరూ ఇవ్వలేదు. ఇప్పుడు హసన్‌పర్తిలో పంక్చర్లు వేస్తున్నాడు. అతని గిరాకీ అంతా నాకే వచ్చింది. ఎదురుపడితే ఇప్పటికీ "అన్నా, బాగున్నవా?" అంటాడు. బాగున్నానంటాను.

అతనికి చెప్తానా? ధైర్యం చాలదేమో. క్షమించమని మిమ్మల్నీ అడగను. కానీ అది పొరపాటని ఇక ఎవరితోనూ అనను. తెలిసే చేశాను. ఇంత రాశాక గుండె కొంచెం తేలికపడింది.