నూటికి పదకొండు

లక్ష్మీరాజం నోట 'అవును' గానీ 'కాదు' గానీ విన్నవాళ్లు జగిత్యాలలో లేరు. ఏమడిగినా నూటికి ఇంత అని చెప్పి ఊరుకుంటాడు. "కూరల ఉప్పు సరిపోయిందా?" అంటే "నూటికి ఎనభై" అనే మొగుడితో ఎవరు వేగుతారు? కట్టుకున్న పాపానికి సుమిత్ర వేగుతోంది.

ఆయన చెరువుల ఇంజనీరు. వాన ఎంత పడుతుందో, ఎంతసేపు పడుతుందో, అప్పటికి నేల ఎంత నాని ఉంటుందో చీటీలు తీసినట్టు తీసి, కంప్యూటర్లో వేల వానలు కురిపిస్తాడు. వాటిలో ఎన్నింటికి ఎంత వరద వస్తుందో, ఎన్నిసార్లు అది చెరువు నిండి, మిగులు నీళ్లు పోయే మత్తడి దూకి ఊళ్లో పడుతుందో లెక్కగడతాడు. ఆఫీసులో కట్టుకోనీ, ఎవరొద్దన్నారు? చుట్టాల మీద ప్రయోగించడమెందుకు?

కోరుట్ల నుంచి సుమిత్ర చిన్నాన్న దేవయ్య ఫోన్ చేశాడు. "అల్లుడా, రేపు మా పిల్ల పెండ్లి. వాన పడ్తదా?"

"నూటికి ముప్పై."

"అంటె టెంటు ఎయ్యాల్నా, వద్దా?"

"పది పెండ్లిళ్లు చేస్తె మూడింటికి ఎయ్యాలె."

"నాకున్నది ఒక్క బిడ్డేనయ్యా!"

అదన్నా నవ్వి మరిచిపోవచ్చు. మొన్న ఎండాకాలంలో సిరిసిల్లలో సుమిత్ర తమ్ముడు మనోహర్ కొత్త మరమగ్గాల షెడ్డుకు పూజ చేసుకున్నాడు. కొబ్బరికాయ కొట్టాడో లేదో, ఈ మహానుభావుడు అందరి ముందూ, "వానకాలంల గీ షెడ్డులకు నీళ్లొచ్చే అవకాశం నూటికి పదకొండు" అన్నాడు. శుభమా అని మగ్గం ఆడించబోతుంటే అనాల్సిన మాటేనా అది!

"బావా, మళ్ల నా గడప తొక్కకు" అన్నాడు మనోహర్. వానలు మొదలయ్యాక అక్క ఫోన్ కూడా ఎత్తడం మానేశాడు.

రాఖీ పున్నమి వచ్చింది. ఉన్న ఒక్క తమ్ముడూ తలుపు తీస్తాడో లేదో సుమిత్రకు తెలియదు. పండుగ పూట కూడా ఆఫీసుందని మొగుడు పొద్దున్నే జారుకున్నాడు. ఆయన్ను తిట్టుకుంటూ ఒక్కతే బస్సెక్కింది. సిరిసిల్లలో దిగేసరికి వాన దంచుతోంది.

షెడ్డు ముందు మురికినీళ్ల మోరీలో, మోకాళ్ల దాకా ప్యాంటు మడిచి, పారతో పూడిక ఎత్తిపోస్తున్నాడు లక్ష్మీరాజం. పైన గొడుగు పట్టుకుని మనోహర్.

"ఇప్పుడెంతకొచ్చింది బావా?"

"నూటికి ఆరు. కల్వర్టు కింద గూడ తీస్తె నాలుగు."

సుమిత్ర వానలోనే వాళ్ల దగ్గరికి నడిచింది. మనోహర్ ఆమెను చూసి నీళ్లు నమిలాడు. "వానలు మొదలైనకాంచి ఆయితారం ఆయితారం, ఆఫీసు సెలవున్నప్పుడల్ల వస్తుండక్కా. వద్దంటె ఇనడు. నీకు చెప్పద్దన్నడు. నాకేమో అబద్ధం రాదు, గందుకే ఫోన్ ఎత్తలే."

"నాకు చెప్తె ఏం పోయిందయ్యా?" అని మొగుడి మీద విరుచుకుపడింది.

"చెప్తె నన్ను మోరీల దిగనియ్యవు. నూటికి తొంభై."

"తప్పు నీ లెక్క!" సుమిత్ర కొంగు నడుముకు దోపుకుంది. "తమ్మీ, రాఖీ తర్వాత కడ్త. ముందు గా తట్ట ఇటియ్యి."