మావారి కోపం లేని సాక్ష్యం

నిన్న మా అబ్బాయి ఉండే హెర్న్‌డన్‌లో మావారి జ్ఞాపకార్థ కూడిక జరిగింది. ఇలాంటి రోజున ఇంటివారిలో ఒకరు లేచి పోయినవారిని గురించి సాక్ష్యం చెప్పడం మా సంఘంలో ఆనవాయితీ కాబట్టి, మా అబ్బాయి లేచి, వాళ్ల నాన్న జన్మలో ఎవరినీ పల్లెత్తు మాట అనలేదని చెప్పాడు. అందరూ కళ్లు తుడుచుకున్నారు. నేను మాత్రం ఎవరో పరాయి మనిషి సంతాపసభకు వచ్చినదానిలా కూర్చున్నాను.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఈ దేశం వచ్చిన కొత్తలో మనకు తెలుగు మాట వినబడేది ఆదివారాలే. అప్పట్లో మేముండే పిస్కాటవేలో ఒక చర్చి బేస్‌మెంట్‌లో కూడుకునేవాళ్లం. యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఒక యూదు పెద్దాయన, మా గారెల మీద ఇష్టంతోనో ఏమో, అక్కడికి వచ్చి పాత గ్రంథాలను ఎవరెలా తిరగరాశారో ఓపిగ్గా వివరించేవారు. ఒక గొప్ప రాజు కథ రెండుసార్లు ఉందని, ఆయన పరాయివాడి భార్యను తనదాన్ని చేసుకుని, ఆ భర్తను యుద్ధంలో చంపించిన సంగతిని మొదట రాసినవారు దాచలేదని, పరాయి దేశపు చెర నుంచి తిరిగొచ్చిన జనం కోసం తరువాత రాసినవారు చాలా వాక్యాలు ఉన్నవున్నట్టే తీసుకుని ఆ ఊసు మాత్రం ఎత్తలేదని చెప్పారు. సువార్తల్లోనూ అంతేనట, ముందు రాసినాయన ప్రభువు శిష్యుల మందబుద్ధిని మొహమాటం లేకుండా చూపిస్తే, తరువాతివారు కాస్త మెత్తబరిచారట.

మావారికి ఒళ్లు మండిపోయింది. దేవుని వాక్యాన్ని మనుషులు దిద్దడమేమిటని వాదించి, నన్ను మంచులో వదిలేసి కారెక్కి వెళ్లిపోయారు. కాసేపటికి తిరిగొచ్చి, క్షమాపణ అన్న మాట నోట రానివ్వకుండా, తన మఫ్లర్ తీసి నా మెడకు చుట్టారు. ఇంటికి వెళ్లే దారిలో, ఆ మొదటి కథే నయం, అందులో మనిషి ఉన్నాడు అన్నారు.

ఈ సంగతి చెప్పమని కూడికకు ముందు అబ్బాయిని అడిగాను.

"అమ్మా, పిల్లలు కూడా ఉంటారు కదా, డాడీ గురించి మంచివే షేర్ చేద్దాం."

వాడి తప్పేమీ లేదు. తరువాత రాసినవారిని ఆ పెద్దాయన కూడా అబద్ధాలకోరులనలేదు, వాళ్ల జనానికి ధైర్యం కావలసి వచ్చిందన్నారు. అయితే గ్రంథాన్ని కూర్చినవారు రెండు కథలనూ ఉంచారు. మా ఇంట్లో ఆయన మొదటి కథను కళ్లారా చూసినదాన్ని ఇక నేనొక్కదాన్నే. ఆ బేస్‌మెంట్‌లో మాతో కూర్చున్నవాళ్లలో కొందరు పోయారు, మిగిలినవాళ్లు పిల్లల వెంట తలో ఊరూ చేరారు, అవునా కాదా అని అడుగుదామన్నా ఒక్కరూ లేరు.

ఇవాళ పొద్దున మనుమరాలు నా పక్కన చేరి, తాతయ్య ఎప్పుడూ ఎవరి మీదా కోపంగా యెల్ చేయలేదట కదా అంది. దాని ముఖం చూసి అవునన్నాను. ఆ మాట అన్నాక ఆయన నాకు మరోసారి పోయినట్టయింది.